వెతకండి, దొరకనివ్వకండి: ఉద్యోగార్థులకు ఉచిత సలహాలు

ఉద్యోగం వచ్చినవాడికి లోకంలో విలువ లేదు. పొద్దున్నే పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు, పదో తారీకుకల్లా జేబు తడుముకుంటాడు. పెళ్ళిళ్ళలో అతణ్ణి పక్కకు పిలిచేది అప్పు అడగడానికే. అదే ఉద్యోగం వెతుక్కుంటున్నవాణ్ణి చూడండి. ‘మావాడు హైదరాబాద్‌లో ట్రయల్స్‌లో ఉన్నాడండీ’ అని తండ్రి అనగానే అరుగు మీద నలుగురూ సర్దుకుని కూర్చుంటారు. తలా ఒక సలహా ఇస్తారు. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకు నంబరు వాట్సాప్‌లో పెడతారు. ఇంతటి హోదాను చేజేతులా పోగొట్టుకుని ఆఫర్ లెటర్ పుచ్చుకునే తొందరపాటు ఈ మధ్య కుర్రకారులో కనిపిస్తోంది. వాళ్ళను దారిలో పెట్టడానికే ఈ సలహాలు. శ్రద్ధగా పాటిస్తే ట్రయల్స్ ఏళ్ళ తరబడి సాగుతాయి.

1. బోర్డు సైజు చూసి కోర్సులో చేరండి

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం వైపు నడవండి. ఏ కోర్సు బోర్డు పెద్దగా ఉంటే అందులో చేరండి. నాకు ఏం వచ్చు, ఏం నచ్చుతుంది, లెక్కల మీద కూర్చోగలనా, మనుషులతో మాట్లాడగలనా వంటి ప్రశ్నలు వేసుకుని బుర్ర పాడుచేసుకోకండి.

ముందు జావాలో చేరండి. నెల తిరక్కుండానే హాస్టల్లో పక్క మంచం కుర్రాడు ‘జావా పనైపోయింది బ్రో, ఇప్పుడంతా డెవాప్స్’ అంటాడు. అతనూ ట్రయల్స్‌లోనే ఉన్నాడు కాబట్టి అతని మాట వేదం. మారిపోండి. డెవాప్స్‌లో ఇన్‌స్టాలేషన్ అయ్యేలోపు డేటా సైన్స్ అంటారు, అక్కణ్ణుంచి ఏఐ. ప్రతి కోర్సులోనూ మొదటి మూడు వారాలు మాత్రమే కూర్చుంటే చాలు. మిగతాది జిరాక్స్ సెంటర్లో స్పైరల్ బైండింగ్‌తో దొరుకుతుంది. కొని మంచం కింద పెట్టుకోండి.

ఒక్క చిన్న ప్రోగ్రామైనా మొదటి లైను నుంచి చివరిదాకా సొంతంగా రాసి, ఎర్రర్ వస్తే ఎందుకొచ్చిందో రాత్రంతా కూర్చుని పట్టుకునే పని మాత్రం పెట్టుకోకండి. అలా పట్టుకున్నవాడు దాని గురించి ఇంటర్వ్యూలో పావుగంట ఆగకుండా మాట్లాడేస్తాడు. కొంప మునుగుతుంది.

2. రెస్యూమె సీనియర్ దగ్గర తీసుకోండి

సొంతంగా రాసుకోవడం అహంకారం. సీనియర్ ఇచ్చిన ఫైలులో పేరు, ఫోన్ నంబరు మార్చండి, చాలు. ఈమెయిల్ మార్చడం మర్చిపోయినా పరవాలేదు, పిలుపులు అతనికి వెళ్తాయి. ఆదర్శ రెస్యూమె ఇలా ఉండాలి.

ఆబ్జెక్టివ్: ‘సవాళ్ళతో కూడిన వాతావరణంలో నా నైపుణ్యాలను వినియోగించి సంస్థ ఎదుగుదలకు, తద్వారా నా ఎదుగుదలకు తోడ్పడుట.’ ఈ వాక్యం ఎవరు ఎవరికి పంపినా సరిపోతుంది. అందుకే ఎవరూ చదవరు.

స్కిల్స్: సి, సి ప్లస్ ప్లస్, జావా, పైథాన్, ఒరాకిల్, క్లౌడ్, ఎమ్మెస్ ఆఫీస్, ఇంటర్నెట్. ‘ఇంటర్నెట్’ తప్పకుండా రాయండి. 

స్ట్రెంగ్త్స్: హార్డ్ వర్కింగ్, స్మార్ట్ వర్కింగ్. రెండూ ఒకే లైనులో.

హాబీలు: క్రికెట్ ఆడుట, పాటలు వినుట.

పర్సనల్ వివరాలు: తండ్రి పేరు, పుట్టిన తేదీ, వివాహం, మతం, శాశ్వత చిరునామా, పక్కన మందిరం గుర్తుతో సహా. ఫొటో మాత్రం అక్క పెళ్ళిలోది, పక్కనున్న బావగారి భుజం కత్తిరించి. చివర ‘పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని ధ్రువీకరిస్తున్నాను’ అని సంతకం. ఎవరూ అడగలేదు కదా అనకండి. అడగని వాటితోనే పేజీలు నిండుతాయి, నాలుగైనా నిండాలి.

ఇప్పుడు దాన్ని ప్రింటు తీసి, ఫోన్‌తో ఫొటో కొట్టి, ఆ ఫొటోను పీడీఎఫ్‌గా మార్చి పంపండి. పెద్ద కంపెనీల్లో ముందు రెస్యూమెలను సాఫ్ట్‌వేరే జల్లెడ పడుతుంది. దానికి అక్షరాలు కావాలి, బొమ్మ ఇస్తే చాలావాటికి మింగుడుపడదు. ప్రకటనలో వాళ్ళు అడిగిన నాలుగు మాటలు, అవి మీకు నిజంగా వచ్చి ఉంటే, ఒకే పేజీలో స్పష్టంగా కనిపించేలా రాసేవాళ్ళున్నారు. వాళ్ళకు పిలుపు వచ్చేస్తుంది, పాపం.

3. చదవకుండా అప్లై కొట్టండి

జాబ్ సైట్‌లో రోజుకు వంద అప్లై కొట్టడం ఒక వ్యాయామం. ప్రకటన తెరిచి చదివితే సంఖ్య పడిపోతుంది. ఐదేళ్ళ అనుభవం కావాలన్నారా? కొట్టండి. నర్సింగ్ డిగ్రీ కావాలన్నారా? కొట్టండి. ఎక్కడ కొట్టారో రాసిపెట్టుకోకండి. ఎప్పుడో ఒక మధ్యాహ్నం హాస్టల్లో పప్పన్నం తింటుండగా ఫోన్ మోగుతుంది. అప్పుడు సంభాషణ ఇలా నడవాలి.

‘హలో, మీరు మా దగ్గర టెస్టింగ్ పోస్టుకు అప్లై చేశారండీ. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?’

‘ఏ కంపెనీ అండీ?’

ఆవిడ పేరు చెబుతుంది.

‘అంటే ఏం చేస్తారండీ మీరు?’

‘మీరు అప్లై చేసేటప్పుడు చూడలేదాండీ?’

‘చాలా చేశానండీ. అవునూ, ప్యాకేజీ ఎంతండీ?’

వెనక నుంచి ‘ఒరేయ్, పెరుగు అయిపోతోందిరా’ అని కేక వినపడితే మరీ మంచిది. ఆవిడ ‘మళ్ళీ చేస్తానండీ’ అంటుంది. చెయ్యదు. మీరు ప్రశాంతంగా పెరుగన్నం తినొచ్చు.

4. తెలిసినవాళ్ళను ఇబ్బంది పెట్టే పద్ధతి

‘అన్నా, ఏదైనా జాబ్ ఉంటే చూడన్నా.’ ఇదొక్కటే మెసేజ్, ఇందులో అక్షరం కూడా కలపకండి. ఏ పని వచ్చో, ఏ ఊళ్ళో కావాలో, ఆ అన్న పనిచేసే కంపెనీ కెరీర్స్ పేజీలో ఏ పోస్టు ఖాళీగా ఉందో చెప్పకండి. చాలా కంపెనీల్లో తమ మనిషి రెఫర్ చేసినవాడు చేరితే ఆ మనిషికి బోనస్ ఇస్తారు. అంటే అన్నకు మీరు బరువు కాదు, లాభం. కానీ రెఫర్ చెయ్యడానికి అతనికి జాబ్ ఐడీ, రెస్యూమె, మీ గురించి రెండు వాక్యాలు కావాలి. ఆ మూడూ ఒకే మెసేజ్‌లో పంపేస్తే అన్న పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. కాబట్టి అవి పంపకండి. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ‘వాడు పెద్దవాడైపోయాడు, పట్టించుకోడు’ అని చెప్పుకోవడానికి ఒక మనిషి మిగలాలి కదా.

5. అనుభవం కొనుక్కోండి

ఇది అసలైన విద్య. ఫ్రెషర్‌ని ఎవరూ తీసుకోరు, మూడేళ్ళు ‘పెట్టుకుని’ వెళ్ళు అని అమీర్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఎక్స్‌పీరియన్స్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్, ఫోన్ చేస్తే ‘అవునండీ, మా దగ్గరే చేశాడు’ అనే గొంతు, అన్నీ కలిపి ప్యాకేజీగా దొరుకుతాయి. 

చిన్న చిక్కు ఉంది. ఉద్యోగంలో మొదటిసారి పీఎఫ్‌లో చేరినప్పుడు మనిషికి యూఏఎన్ అని 12 అంకెల నంబరు వస్తుంది. కంపెనీలు ఎన్ని మారినా నంబరు అదే. ఏ కంపెనీలో ఎప్పుడు చేరాడు, ఎప్పుడు మానేశాడు అన్నది పీఎఫ్ సైటులోని సర్వీస్ హిస్టరీలో వరసగా పడుంటుంది. మీరు మాదాపూర్‌లో మూడేళ్ళు సీనియర్ ఇంజనీరుగా వెలిగిన కాలంలో అక్కడ మీ పేరున పైసా జమ కాలేదని అది నోరు తెరవకుండానే చెప్పేస్తుంది. పే స్లిప్పులో పన్ను కట్ చేసినట్టు అచ్చు వేయించారా? ఆ పన్ను ఆదాయపు పన్ను శాఖ రికార్డులో కనిపించాలి. కనిపించదు. కొత్త కంపెనీ ఇవి రెండూ అడిగి, ఇంకా అనుమానం ఉంటే పాత ఆఫీసు చిరునామాకు మనిషిని పంపుతుంది. అక్కడ టిఫిన్ సెంటర్ ఉంటుంది.

దీన్ని పట్టించుకోకండి. వెరిఫికేషన్ రిపోర్టు వచ్చేసరికి మీరు చేరి రెండు నెలలై ఉంటుంది. ఆ రెండు నెలల జీతం లాభమే కదా అని మీకు లెటరు అమ్మినవాడు చెబుతాడు. పిలిచి, ల్యాప్‌టాప్ తీసుకుని, గేటు దాకా సెక్యూరిటీ మనిషిని తోడిచ్చి పంపిస్తారని, తర్వాత అడుగుపెట్టే కంపెనీకి ఆ రెండు నెలల పీఎఫ్ ఎంట్రీ నిజంగానే కనబడుతుందని మాత్రం చెప్పడు. ఇంకొక విషయం: మోసానికి ఇదివరకు సెక్షన్ 420 ఉండేది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అది 318 అయింది. దొంగ పత్రాన్ని అసలుదని చూపించి వాడుకోవడానికి 340 వేరే ఉంది. తిట్టేవాళ్ళు ఇంకా పాత నంబరే వాడుతున్నారు, మీరు సరిదిద్దవచ్చు.

లెటర్లు కొనే స్తోమత లేకపోతే ప్రాక్సీని పెట్టుకోండి. వీడియో ఇంటర్వ్యూలో మీరు పెదాలు కదపండి, పక్క గదిలో కూర్చున్నవాడు జవాబులు చెబుతాడు. చేరిన రోజు మేనేజరు మీ గొంతు విని ఒక్క క్షణం ఆగుతాడు. జలుబు చేసిందనండి.

6. ముందే డబ్బు కట్టండి

ఉద్యోగం ఇచ్చేవాడు జీతం ఇవ్వాలి, తీసుకోకూడదన్నది చాదస్తం. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, ‘తర్వాత తిరిగిచ్చే’ ల్యాప్‌టాప్ డిపాజిట్, ఏది అడిగినా యూపీఐలో కొట్టెయ్యండి. పెద్ద కంపెనీ పేరుతో వచ్చిన ఆఫర్ లెటర్ జీమెయిల్ నుంచి ఎందుకొచ్చింది అనుకోకండి. బ్యాక్‌డోర్ ఉద్యోగం అన్నాక ముందు గుమ్మం చిరునామా ఉంటుందా?

టెలిగ్రామ్‌లో ‘వీడియోలకు లైక్ కొడితే డబ్బు’ అనే ఉద్యోగాలు మరీ శ్రేష్ఠం. మొదట నూటయాభై రూపాయలు నిజంగానే వేస్తారు. తర్వాత ‘ప్రీపెయిడ్ టాస్క్’ అని వెయ్యి కట్టమంటారు, పదమూడొందలు తిరిగిస్తారు. ఆ తర్వాత యాభై వేలు. ఇక తిరిగి రాదు, అది తీసుకోవాలంటే ఇంకో లక్ష కట్టమంటారు. అప్పుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యకండి. వెంటనే చేస్తే డబ్బు చేతులు మారకముందే ఖాతాలో ఆపే వీలుంటుంది. పరువు పోతుందని వారం ఆలోచించి చెయ్యండి.

విదేశాలైతే ఇంకా తేలిక. ‘కంబోడియాలో డేటా ఎంట్రీ, భోజనం వసతి ఉచితం, టూరిస్టు వీసా చాలు’ అన్నవాడి వెంట వెళ్ళిపోండి. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన ముఠా పంపింది ఇలాంటి కుర్రాళ్ళనే. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కుని, మనవాళ్ళకే ఫోన్లు చేసి మోసం చేసే పనిలో కూర్చోబెట్టారు. విదేశాంగ శాఖ ఈమైగ్రేట్ సైటులో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. వాళ్ళు సైతం సర్వీసు ఛార్జీ కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదన్నది రూలు. మీ ఊరి ఏజెంటు రెండు లక్షలు అడిగితే బేరమాడి లక్షా ఎనభైకి దించండి. జాబితాలో అతని పేరుందో లేదో చూడటం మర్యాద కాదు, మీ బాబాయికి స్నేహితుడు.

7. ఇంటర్వ్యూలో మనసు విప్పకండి

‘మీ గురించి చెప్పండి’ అంటే రెస్యూమెలో ఉన్నది మళ్ళీ అప్పజెప్పండి. ‘మీ బలహీనత?’ అంటే ‘పని మొదలుపెడితే తిండి నిద్ర ఉండవు సర్’ అనండి. అసలు పరీక్ష ప్రాజెక్టు దగ్గర వస్తుంది. బీటెక్ చివరేడు ప్రాజెక్టును నలుగురు కలిసి కొన్నవాళ్ళకు ఈ నమూనా పనికొస్తుంది.

‘ప్రాజెక్టు ఏం చేశారు?’

‘స్టూడెంట్ అటెండెన్స్ మేనేజ్‌మెంట్ సిస్టం సర్.’

‘గుడ్. అందులో మీరు ఏం చేశారు?’

‘టీమ్ వర్క్ సర్.’

‘మీ వంతు?’

‘కో-ఆర్డినేషన్ సర్.’

‘సరే. డేటా ఎక్కడ స్టోర్ చేశారు?’

‘సీడీలో సర్. రికార్డుతో పాటు హెచ్‌ఓడీ మేడమ్‌కి ఇచ్చేశాం.’

ఆయన పెన్ను మూత పెట్టేస్తాడు. ‘నాకు ఈ భాగం తెలియదు సర్, కానీ ఈ రెండు ఫైళ్ళు నేనే రాశాను, ఇక్కడ ఇలా ఆగిపోతే ఇలా దాటాను’ అని చెప్పేవాళ్ళ దగ్గర ఆ పెన్ను మళ్ళీ తెరుచుకుంటుంది. అలా చెప్పాలంటే ఆ రెండు ఫైళ్ళు నిజంగా రాసి ఉండాలి. ఎందుకొచ్చిన గొడవ?

8. ప్యాకేజీని పన్నెండుతో భాగించండి

జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక్కోసారి ఆఫర్ వచ్చి మీద పడుతుంది. అధైర్యపడకండి, ఇక్కడా అవకాశం ఉంది. ఆరు లక్షల సీటీసీ అనగానే అమ్మకు ఫోన్ చేసి ‘నెలకు యాభై వేలమ్మా’ అనండి. కాగితం రెండో పేజీ తిప్పకండి. అందులో ఇలా ఉండొచ్చు: బేసిక్ 25,000. కంపెనీ కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 3,000, ఆ యాభైలోదే. గ్రాట్యుటీ 4.81 శాతం, అంటే 1,200 పైచిలుకు, అదీ ఆ యాభైలోదే, మామూలుగా ఐదేళ్ళు పనిచేస్తేనే చేతికొచ్చేది. పెర్‌ఫార్మెన్స్ చూసి ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ నెలకు 5,000. మిగిలినదాంట్లోంచి మీ వాటా పీఎఫ్ 3,000, తెలంగాణలో వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 37,600 దరిదాపు. ఈ లెక్క చేరకముందే వేస్తే హెచ్ఆర్‌ని అడగడానికి ప్రశ్నలు దొరుకుతాయి. వెయ్యకండి. మొదటి జీతం రోజున అమ్మ ‘మిగతా పన్నెండు వేలు ఏం చేశావురా’ అని అడగాలి.

బాండు కూడా చదవకుండా సంతకం చెయ్యండి. కోర్టులో బాండ్లు చెల్లవని హాస్టల్లో చెప్పేవాళ్ళుంటారు. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగి విషయంలో, మూడేళ్ళలోపు మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందనే చెప్పింది. అన్ని బాండ్లూ ఒకటి కావు, ఏముందో చూసుకునే సంతకం పెట్టాలని దాని భావం కావచ్చు. మనకెందుకు? పదో తరగతి నుంచి బీటెక్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ‘సేఫ్టీ కోసం’ అడిగితే ఇచ్చేసి, రసీదు కూడా అడగకుండా రండి.

9. సర్కారు కొలువుకు ఒకే దారి పెట్టుకోండి

అశోక్‌నగర్‌లోనో అవనిగడ్డలోనో గది తీసుకుని, నోటిఫికేషన్ వచ్చేదాకా వేరే పని ముట్టనని ఒట్టు పెట్టుకోండి. తెలంగాణలో గ్రూప్-1 సంగతి గుర్తుందా? 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చారు. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపరు లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్ళీ పెట్టారు, సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషనే తీసేసి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. ఇందులో చదివినవాడి తప్పు ఇసుమంతైనా లేదు. చదువుతూనే ఏదో ఒక పని చేసుకున్నవాడు ఆ రెండేళ్ళూ ఎలాగో గడుపుకొచ్చాడు. ఒట్టు పెట్టుకున్నవాడికి గది అద్దె మాత్రం ఒక్కసారీ రద్దు కాలేదు. అయినా ఒట్టు ఒట్టే.

10. రాకపోతే కారణం అడగకండి

‘ఎక్కడ తగ్గిందో చెబుతారా మేడమ్?’ అని ఒక మెయిల్ పెడితే పదిమందిలో ఒకరైనా జవాబిస్తారు. ఆ జవాబుతో మనిషి బాగుపడే ముప్పుంది. దానికి బదులు గది మెట్లు ఎక్కుతూనే తీర్పు ఇచ్చెయ్యండి: ‘ముందే వాళ్ళవాణ్ణి పెట్టుకున్నార్రా. ఊరికే పిలిచారు.’ ఈ మాట కొన్నిసార్లు నిజం కూడా. అందుకే ప్రతిసారీ చెల్లుతుంది.

ఈ పది సలహాల్లో ఏడైనా పాటిస్తే మీ ట్రయల్స్‌కు ఢోకా లేదు. ఇక పాటించని మొండివాళ్ళ సంగతి: ఒక్క పని పూర్తిగా నేర్చుకుంటారు, ఒక్క పేజీలో నిజం రాస్తారు, ప్రకటన చదివి అప్లై చేస్తారు, డబ్బడిగినవాడి నంబరు బ్లాక్ చేస్తారు, తెలియనిది తెలియదంటారు, కాగితం చివరిదాకా చదివి సంతకం పెడతారు. వాళ్ళకూ తిరస్కారాలు వస్తాయి, ఆలస్యమూ అవుతుంది. కానీ ఒకరోజు ఉద్యోగం వచ్చేస్తుంది, వచ్చాక ఏ వెరిఫికేషన్‌కూ పోదు. మీరూ అలాగే చేసి ఆ గతి తెచ్చుకుంటే నా పూచీ లేదు.